విరిగిన చోట దేవుడు కొత్తగా చేస్తాడంటారు, మీలో ఎవరికైనా నిజంగా కనిపించిందా?

సూదీదారం (ప్రశ్న)

అందరికీ వందనాలు. మాది విశాఖపట్నంలో కంచరపాలెం. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు, పిల్లల బట్టలు కుడతాను, చీరలకి ఫాల్ వేస్తాను. ఈ విషయం ఎవరితో అనాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. కాస్త పెద్దగా ఉంటుంది, ఓపిక ఉన్నవాళ్ళే చదవండి.

రెండేళ్ళ కిందట మావారికి స్ట్రోక్ వచ్చింది. ఒక కాంట్రాక్టర్ కింద వెల్డింగ్ పని చేసేవారు. పొద్దున్నే లేచి బ్రష్ మీద పేస్టు వేసుకోబోతే చెయ్యి లేవలేదు, ఏమైందండీ అని అడిగేలోపు మూతి ఒక పక్కకి పోయింది. ఆటోలో తీసుకెళ్ళేసరికి ఆలస్యమైపోయిందన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఇప్పుడు కర్ర పట్టుకుని గదిలోంచి వరండా దాకా నడుస్తారు, చెయ్యి మాత్రం కొద్దిగా వంగుతుంది, వేళ్ళు రాలేదు. మాట కూడా అంతే. నేను చెప్పేదంతా ఆయనకి అర్థమవుతుంది, తిరిగి చెప్పబోతే "అది... అది..." దగ్గర ఆగిపోతారు, ఆ తర్వాత కోపం వస్తుంది, చేతిలో ఏది ఉంటే అది విసిరేస్తారు, కాసేపటికి ఏడుస్తారు. ఒక్కోసారి ఏమీ లేకుండానే ఏడుస్తారు, టీవీలో ఎవరో నవ్వుతుంటే కూడా.

బంగారం తాకట్టులో ఉంది. డ్వాక్రా లోను వాయిదా నెలనెలా కట్టాలి. మా పెద్దాడు ఇంటర్ అయ్యాక డిగ్రీలో చేరకుండా డెలివరీ పనికి వెళ్తున్నాడు. చదువుతానని వాడు అడగలేదు, పని వద్దని నేనూ అనలేదు. మిగతా అన్నిటికంటే అదే నన్ను ఎక్కువ తినేస్తోంది.

ఇప్పుడు అసలు విషయం. మా సంఘంలో అందరూ మంచివాళ్ళే, ఎవర్నీ తప్పు పట్టట్లేదు. కానీ కనిపించిన ప్రతి ఒక్కరిదీ ఒకటే మాట, "దేవుడు మిమ్మల్ని విరగ్గొట్టి కొత్తగా చేస్తున్నాడమ్మా" అని. పోయిన నెల కూటంలో సాక్ష్యం చెప్పమన్నారు, గొంతు బాగోలేదని తప్పించుకున్నాను. ఆ రోజే, బయటి మనిషి కృశిస్తున్నా లోపలి మనిషి రోజురోజుకీ కొత్తవాడవుతాడని పౌలు కొరింథీయులకి రాసిన మాట చదివారు, రెండో పత్రిక నాలుగో అధ్యాయం. ఇంటికొచ్చి మళ్ళీ తీసి చదువుకున్నాను. బయటి మనిషి కృశించడం సరే, అది మా ఇంట్లో మంచం మీదే ఉంది, కళ్ళారా చూస్తున్నాను. లోపలి మనిషి కొత్తవాడవడం ఎక్కడుంది? ఆయనలో లేదు. నాలో అసలే లేదు, నేను మంచిదాన్ని అవడం పోయి చిరాకుదాన్ని అయ్యాను.

నిన్న ఆదివారం సంగతే చెప్తాను. చర్చికి టైమైపోతోంది. చొక్కా గుండీలు నేను పెడతానంటే చెయ్యి తోసేశారు. ఎడమ చేత్తో తనే పెట్టుకోవడం మొదలెట్టారు. గుండీ కాజాలోకి సగం వెళ్తుంది, జారిపోతుంది, మళ్ళీ పట్టుకుంటారు, మళ్ళీ జారుతుంది. నేను తలుపు పక్కన నిలబడి గడియారం చూస్తున్నాను. అయిదు గుండీలకి పదిహేను నిమిషాలు. తీరా అయ్యాక చూస్తే పైన ఒకటి తప్పింది, కింద ఒక అంచు పొడుగు, ఒక అంచు పొట్టి. నేనేమీ అనలేదు, అలాగే వెళ్ళాం. వాక్యం సగం అయిపోయింది, వెనక కుర్చీల్లో కూర్చున్నాం. ఇదేనా కొత్తగా చేయడమంటే అనిపించింది.

నాది ఒకటే ప్రశ్న. అలా విరిగిన చోట దేవుడు ఏదైనా కొత్తగా చేయడం మీలో ఎవరికైనా నిజంగా కనిపించిందా? కనిపిస్తే ఎలా కనిపించింది, ఎన్నాళ్ళకి? ప్రసంగం మాత్రం వద్దండీ, బోలెడు విన్నాను.

జయధ్వని

ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. దిగులు పడకండి. బైబిల్లో యోబుకి పోయినదంతా దేవుడు రెట్టింపు ఇచ్చాడు, మీకూ ఇస్తాడు. మూడు రోజులు ఉపవాస ప్రార్థన చేయండి. మేమూ ప్రార్థిస్తున్నాం. ఆమెన్.

మర్రిపాలెం మాస్టారు

అమ్మా, పై తమ్ముడి మనసు మంచిదే. కానీ ఈ రెట్టింపు మాట విన్నప్పుడల్లా నాకు చెయ్యి ఊరుకోదు, ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి. యోబుకి మొదట 7,000 గొర్రెలు, చివరికి 14,000. ఒంటెలు 3,000 కాస్తా 6,000 అయ్యాయి. మరి పిల్లలు? మొదట ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు. చివర్లో కూడా ఏడుగురు, ముగ్గురే. పోయిన పదిమందీ పరలోకంలో ఉన్నారు కాబట్టి మొత్తం ఇరవై అని కొందరు పెద్దలు లెక్క సరిచేస్తారు. సరే, అలాగే అనుకుందాం, అయినా యోబు ఇంట్లో ఆ పదిమంది లేని లోటు లోటే కదా. కొత్త పిల్లలు పుట్టారు కాబట్టి పాత దుఃఖం చెరిగిపోయిందని ఆ గ్రంథంలో ఎక్కడా లేదు. ఆయన స్నేహితులు వచ్చి ఏడు పగళ్ళు ఏడు రాత్రులు నేల మీద పక్కనే కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. అంతవరకు బాగానే ఉన్నారు, నోరు తెరిచాకే చెడగొట్టారు.

విరగ్గొట్టి కొత్తగా చేయడం అంటే యిర్మీయా 18వ అధ్యాయంలో కుమ్మరిని చూపిస్తారు. ఒకసారి తీసి చూడండి, ఆ కుమ్మరి కావాలని దేన్నీ పగలగొట్టలేదు. సారె మీద చేస్తున్న కుండ చేతిలోనే చెడిపోయింది, ఆ మట్టే తీసుకుని మరో కుండ చేశాడు. ముందు అనుకున్న కుండ కాదు, మరొకటి. (పైగా అది ఒక జనానికి చేసిన హెచ్చరిక, దాన్ని మనం గోడ క్యాలెండర్ మీద ఓదార్పుగా వేసుకుంటాం, అది వేరే గొడవ.) చెడిన మట్టిని అవతల పారేయలేదు, నాకు అందులో దొరికేది అంతే. మీవారికి స్ట్రోక్ దేవుడే తెప్పించాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, మీరూ ఒప్పుకోనక్కర్లేదు.

ఎన్నాళ్ళకి అని అడిగారు. దీనికి మన ఊళ్ళోనే ఒక కథ ఉంది, అది నాకు ఓదార్పో కాదో ఇప్పటికీ తెలియదు. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అని లండన్ మిషన్ వాళ్ళు ఇద్దరు విశాఖపట్నంలో దిగారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తల్ని తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో పోయాడు. ఆ మరుసటి ఏడే డెస్ గ్రాంజెస్ కూడా పోయాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయి వచ్చింది 1812లో. పడ్డ కష్టం పుస్తకంగా చేతికి రావడం ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు. పని మిగిలింది, మనుషులు మిగల్లేదు. దేవుడు చేసేది చేసినవాళ్ళకే కనిపించాలన్న నియమం ఏమీ ఉన్నట్టు లేదు, అందుకు నాకు ఆయన మీద కొంచెం కోపం కూడా ఉంది. ఉండొచ్చు, 88వ కీర్తన చీకటి దగ్గరే ఆగిపోతుంది, చివర్లో అయినా ఒక్క స్తుతి మాట లేదు, దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు.

మా ఆవిడ పోయి ఆరేళ్ళు. నాలో కొత్తగా వచ్చింది ఏంటంటే చెప్పుకోడానికి పెద్దగా లేదు. చారు పెట్టడం వచ్చింది. బాగానే పెడతాను.

ఫిజియో_గాజువాక

అక్కా, నేను ఫిజియోథెరపిస్టుని. దేవుడి సంగతి మాస్టారంత నాకు తెలియదు, చేతుల సంగతి తెలుసు.

మీరు విసుగ్గా రాసిన ఆ పదిహేను నిమిషాలు చదివి నేను కుర్చీలో ముందుకి జరిగాను. మేము పేషెంట్లతో చేయించాలని చూసేది అదే. స్ట్రోక్‌లో మెదడులో చచ్చిపోయిన భాగం చచ్చిపోయినట్టే, అది తిరిగి రాదు. దాని చుట్టుపక్కల భాగాలు, కొన్నిసార్లు అవతలి వైపు భాగాలు, ఆ పని కొంత నేర్చుకుంటాయి. ఊరికే నేర్చుకోవు, అదే పని వందలసార్లు చేస్తే, జారితే మళ్ళీ చేస్తే నేర్చుకుంటాయి. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది, అంతేగానీ రెండేళ్ళయింది కాబట్టి తలుపు మూసేశారని కాదు. మాస్టారు చెప్పిన మరో కుండ నాకు రోజూ క్లినిక్‌లో కనిపిస్తుంది, పాత కుండ మాత్రం ఎవరికీ తిరిగి రాగా చూడలేదు, ఇది మీకు అబద్ధం చెప్పను.

పనికొచ్చేవి కొన్ని. చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు అదే చివర. గుండీలు కింద నుంచి పైకి పెట్టమనండి, అంచులు సరిపోయాయో లేదో ముందే తెలుస్తుంది. ఎడమ చేత్తో పెడుతున్నా కుడి చేతిని ఊరికే వదలకండి, చొక్కా అంచు మీద బరువుగా ఆనించి ఉంచమనండి, ఎందుకంటే వాడని చేతిని మెదడు మర్చిపోవడం మొదలెడుతుంది. ఇక ఆ కారణం లేని ఏడుపు, అది ప్రతిసారీ దిగులే అనుకోకండి, మెదడు దెబ్బ వల్ల కూడా అలా అదుపు తప్పి వస్తుంది. మరోపక్క స్ట్రోక్ వచ్చినవాళ్ళలో దాదాపు ముగ్గురిలో ఒకరికి నిజంగానే డిప్రెషన్ వస్తుంది. రెండిటికీ మందులున్నాయి. విశ్వాసం తక్కువైందని దాచుకోకుండా డాక్టరుకి చెప్పండి, బీపీ మాత్ర చెప్పకుండా మానేయకండి.

ఒకటి అడగనా? ఆయన చర్చిలో పాడతారా? మాట రానివాళ్ళలో కొందరికి బాగా తెలిసిన పాట మాత్రం మాటలతో సహా వచ్చేస్తుంది. చిన్నప్పటి పాట ఏదైనా మీరు మొదలుపెట్టి మధ్యలో ఆపి చూడండి. వస్తే మంచిది, రాకపోతే బలవంతం చేయకండి.

సూదీదారం

తమ్ముడూ, కింద నుంచి పైకి అనేది నాకు తట్టనే లేదు చూడు, రోజూ గుండీలతోనే బతుకుతాను! పాట సంగతి తెలియదు. చర్చిలో పాటల టైంలో పెదాలు కదులుతున్నట్టు ఉంటాయి, నేను సరిగ్గా చూడలేదు. నిజం చెప్పాలంటే ఆ టైంలో నేను కళ్ళు తుడుచుకుంటూ ఉంటాను.

మాస్టారూ, మీ చారు మాట చదివి చాన్నాళ్ళకి నవ్వాను.

పెదవాల్తేరు పిన్ని

సూదీదారం అమ్మాయ్, నీకు ఎవరైనా అన్నం వండి పెట్టారా ఈ రెండేళ్ళలో? అది చెప్పు ముందు.

నాకు కనిపించింది హుద్‌హుద్ తుఫానులో. 2014 అక్టోబర్ 12, ఆదివారం, ఆ వారం ఆరాధనలు లేవు, ఎవరిళ్ళలో వాళ్ళు తలుపులకి బల్లలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాం. గాలి ఒకసారి ఆగింది, అయిపోయిందనుకుని మా ఆయన బయటికెళ్తే ఇంకోవైపు నుంచి మళ్ళీ కొట్టింది. మా రేకులు ఎగిరిపోయాయి. పొద్దున్న చూస్తే వీధిలో ఒక్క చెట్టుకి ఆకు లేదు, కైలాసగిరి గోధుమరంగు మట్టికొండలా ఉంది. కరెంటు లేదు, మోటార్లు లేవు, పాల కోసం కొట్టుకున్నారు. అప్పుడే నాకు నాలుగో నెలలో కడుపు పోయింది. తుఫాను వల్లే అని డాక్టరు అనలేదు, ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత కొన్ని వారాలకే మోడులన్నీ చిగురించాయి, ఊరంతా ఆ చిగుళ్ళ గురించి మాట్లాడింది, మా సంఘంలో దాని మీద వాక్యం కూడా చెప్పారు. నాకు ఆ చిగుళ్ళు చూస్తే ఒళ్ళు మండేది. చెట్టుకి వచ్చింది, నాకు రాలేదుగా. అందుకని నేను నీకు చిగురు కథ చెప్పను. నాకు గుర్తున్నది బిందె. మా వెనకింటి ఆవిడకి చేతిబోరు ఉండేది, ఆవిడతో అంతకుముందు ప్రహరీ గోడ విషయంలో మాటల్లేవు. రోజూ తెల్లారేసరికి మా గుమ్మంలో ఒక నిండు బిందె ఉండేది. ఎవరు పెట్టారో అడగడానికి కూడా నేను లేవలేదు, పది రోజుల దాకా. ఏలీయా ప్రవక్త ఇక చచ్చిపోతానని చెట్టు కింద పడుకుంటే దూత ప్రసంగం చేయలేదు కదా, కాల్చిన రొట్టె, నీళ్ళు పెట్టి తినమన్నాడు. తిని మళ్ళీ పడుకున్నాడు, మళ్ళీ లేపి మళ్ళీ తినమన్నాడు. రెండుసార్లు! నాకు దేవుడు అంతవరకే కనిపించాడు, ఇత్తడి బిందెలో. కొత్తగా చేశాడా అంటే, ఆ వెనకింటావిడకీ నాకూ మధ్య చేశాడు. నా కడుపు సంగతిలో ఏం చేశాడో నాకు తెలియదు, ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

అందుకే ఒక మాట వింటావా. సాక్ష్యం చెప్పమన్నవాళ్ళనే పిలిచి, వారానికి రెండు మధ్యాహ్నాలు ఎవరైనా వచ్చి మా ఆయన దగ్గర కూర్చోండి, నేను కుట్టిన బట్టలు ఇచ్చి డబ్బులు తెచ్చుకోవాలి అని చెప్పు. ప్రార్థించండి అనకు, అలా అంటే అందరూ ఇంట్లో కూర్చునే ప్రార్థిస్తారు. రోజు, టైము చెప్పి అడుగు. అబ్బాయి చదువు సంగతి కూడా, దూరవిద్యలో డిగ్రీ ఉంది, పని చేసుకుంటూ కట్టొచ్చు. నువ్వు వద్దనలేదని కుమిలిపోవడం ఆపి, ఇప్పుడు చేరమని చెప్పు. నీ నంబరు ఇక్కడ పెట్టకు, నాకు మెసేజ్ చెయ్యి.

కొండకిందవాడు

మాది అడివివరం, మేము హిందువులం, ఈ మాట ఇక్కడ చెప్పొచ్చో లేదో. సింహాచలం అప్పన్న ఏడాది పొడవునా చందనం మాటునే ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియ నాడు చందనం ఒలిచి నిజరూపం చూపిస్తారు, ఆ ఒక్క రోజే, తర్వాత మళ్ళీ పూత. మా నాన్న ఏటా ఆ రోజు కొండెక్కేవాడు, క్యూ చూసి, జనం చూసి, మధ్యలోనే దిగొచ్చేవాడు. బతికినన్నాళ్ళూ నిజరూపం దొరకలేదు. మామూలు రోజుల్లో వెళ్ళి ఆ చందనపు ముద్దనే చూసి, ఇంటికొచ్చి అమ్మతో "అప్పన్న బాగున్నాడే" అనేవాడు, ఏదో చుట్టాన్ని చూసొచ్చినట్టు. ముక్కూ మొహం కనిపించని దాంట్లో బాగున్నాడని ఎలా తెలిసిందో నాకు అప్పట్లో నవ్వొచ్చేది. మీ ప్రశ్న చదివితే మా నాన్న గుర్తొచ్చాడు, అంతే అక్కా.

జయధ్వని

బ్రదర్, ఇది క్రైస్తవ ప్రశ్న. ఇక్కడ ఆ సంగతులు ఎందుకు?

సూదీదారం

ఉండనివ్వండి తమ్ముడూ. ఆయన వాళ్ళ నాన్న గురించి చెప్పారు, నాకు అర్థమైంది.

సూదీదారం

నేనే మళ్ళీ. నాలుగు వారాలైంది, ఏమైందని ఇద్దరు ముగ్గురు అడిగారు కాబట్టి రాస్తున్నాను.

పెద్దగా ఏమీ మారలేదు. బంగారం తాకట్టులోనే ఉంది. డాక్టరుకి ఏడుపు సంగతి చెప్తే మాత్ర ఒకటి రాశారు, కాస్త తగ్గింది. పిన్ని చెప్పినట్టే రోజు, టైము చెప్పి అడిగాను, ఇద్దరు వస్తున్నారు, మంగళవారం ఒకావిడ, శుక్రవారం ఒకావిడ. మూడో ఆవిడ ప్రార్థిస్తానంది. జయధ్వని తమ్ముడు కూడా మెసేజ్ చేసి, తను ఎన్ఏడీ జంక్షన్ దగ్గరే ఉంటానని, మావారిని ఫిజియోకి బండి మీద తీసుకెళ్తానని అన్నాడు, రెండుసార్లు తీసుకెళ్ళాడు కూడా. పెద్దాడు దూరవిద్య అప్లికేషన్ ఫోన్లో చూస్తున్నాడు, కట్టలేదు ఇంకా.

పాట చూశాను. మా పెళ్ళిలో పాడిన కీర్తన ఒకటి, జాకెట్టు కుడుతూ మామూలుగా పాడుతున్నట్టు పాడి రెండో చరణంలో ఆపేశాను. మిషన్ కూడా ఆపేశాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత వెనకనుంచి ఆ చరణంలో మిగిలిన మాటలు వచ్చాయి, గొంతు బొంగురుగా, రాగం కొంచెం తప్పి, కానీ మాటలన్నీ ఉన్నాయి. నేను వెనక్కి తిరగలేదు, తిరిగితే ఆపేస్తారని. పాట అయ్యాక నీళ్ళు అడగబోయి మళ్ళీ "అది... అది..." అనే అన్నారు. ఇది సాక్ష్యమో కాదో నాకు తెలియదు, కూటంలో అయితే చెప్పలేదు, మీకే చెప్తున్నాను.

ఇంకోటి. ఆయన చొక్కాలన్నిటికీ గుండీలు తీసేసి ప్రెస్ బటన్లు వేద్దామని మొన్న బ్లేడు పట్టుకుని కూర్చున్నాను. ఆయన చూసి, ఎడమ చేత్తో చొక్కా లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నారు. తల అడ్డంగా ఊపారు. సరేనని గుండీలు అలాగే ఉంచి, కాజాలు మాత్రం ఒక నూలు పెద్దవి చేసి మళ్ళీ కుట్టాను. మొన్న ఆదివారం తొమ్మిది నిమిషాలు పట్టింది, కింద నుంచి పైకి.